యూనివర్సిటీకి పోయిన ఒడిబియ్యం

నా బిడ్డ పెద్ద చదువుకు కరీంనగర్ పోయిన పొద్దున నేను ఆమె ఒడి నింపాను. ఎవరినీ అడిగి నింపలేదు. ఆమెను కూడా అడగలేదు.

మా వైపు ఒడిబియ్యం అంటే ఆడపిల్ల పెళ్లయి అత్తగారింటికి పోయేటప్పుడు పుట్టింటివాళ్లు పోసేది. బియ్యానికి పసుపు కలిపి, ఎండుకొబ్బరి కుడుకలు, పోకచెక్కలు, ఖర్జూరాలు, ఒక రవిక గుడ్డ పెట్టి, పిల్ల కొంగు పట్టుకుని నిలబడితే దోసిలితో పోస్తారు. పోసే చేతికి గాజులుండాలి, పోసే మనిషి నొసట బొట్టుండాలి. అంటే మొగుడు బతికి ఉండాలి. నా మొగుడు పొలం దగ్గర మోటరు వేయబోయి కరెంటు కొట్టి చచ్చిపోయాడు. నా బిడ్డకేమో పెళ్లి కాలేదు. పోసేదీ పనికిరానిదే, పోయించుకునేదీ పనికిరానిదే. అయినా పోశాను.

నేను చెబుతుంటే మా ఊరి అంగన్‌వాడీ టీచరమ్మ రాస్తున్నది. నాకు సంతకం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు, అంతే. నీ మాటను పుస్తకంలో చదువుకునేట్టు దిద్దుతాను అన్నది. దిద్దుకో, కానీ మనుషులు మాట్లాడినవి మాత్రం మాట్లాడినట్టే పెట్టు అన్నాను. నా బిడ్డతో రాయిస్తే సగం కొట్టేస్తుంది, అందుకే ఆమెతో రాయించలేదు.

ఇంట్లోంచి ఎవరైనా మంచి పనికి బయలుదేరితే మొగుడు చచ్చిన ఆడది ఎదురు రావద్దంటారు. నా మొగుడు పోయినప్పటి నుంచి మా బావ, అంటే నా మొగుడి అన్న, కొత్త ట్రాక్టరు తెచ్చినా, మా యారాలి పిల్లలు పరీక్షకు పోతున్నా నేను వెనక అర్రలో, ఆ మూల గదిలో, ఉండేదాన్ని. యారాలు అంటే మా బావ భార్య, నా తోటికోడలు. నన్ను ఎవరూ తోసి తలుపు వేయలేదు. నేనే పోయి నిలబడేదాన్ని. అలవాటైన మనిషికి తలుపుతో పని లేదు.

ఆ పొద్దున కూడా మా బావ, యారాలు ఇద్దరూ తయారై వచ్చారు. యారాలు పిల్లకు బొట్టు పెడుతుంది, నీళ్ల చెంబుతో ఎదురు వస్తుంది, పిల్ల బయలుదేరుతుంది. నువ్వు జర వెనకకు ఉండు, అని మా బావ చేత్తో సైగ చేశాడు. నేను వెనకకే పోయాను. పోయి, ముందే పసుపు కలిపి పెట్టుకున్న బియ్యం చాట పట్టుకుని మళ్లీ వచ్చాను.

"ఏందది?" అన్నాడు మా బావ.

"ఒడిబియ్యం."

"ఎవలికి?"

"నా బిడ్డకు. ఇంకెవలికి?"

"లగ్గం కాని పిల్లకు ఒడిబియ్యమేందే? నీకేమన్న పిచ్చి లేసిందా?"

"ఇల్లు ఇడిసి పోతున్నది గద, బావా. అత్తగారింటికి పోతెనే పోవుడా? ఆడ సుత అందరు పరాయోళ్లే. వాళ్లు పెట్టిందే తినాలె, వాళ్లు లేవమన్నప్పుడే లేవాలె. నా బిడ్డను ఒట్టి ఒడితోటి ఎట్ల పంపుత?"

యారాలు చాట అంచు పట్టుకుంది. "ఇటియ్యి, నేను పోస్త తియ్యి. నువ్వు మొండికి పోకు" అన్నది. మంచిగానే అన్నది, తప్పు పట్టను.

"నీ బిడ్డలకు నువ్వు పోసుకో, అక్కా. గిది నా బిడ్డ" అన్నాను.

పిల్ల చుడీదార్ వేసుకుని ఉంది. కొంగు లేదు. చున్నీ పట్టు బిడ్డా అన్నాను. ఆమె పెద్దబాపును, అంటే మా బావను చూసింది, నన్ను చూసింది, చున్నీ రెండు కొసలు పట్టుకుంది. నేను దోసిలి మీద దోసిలి పోశాను. చేతులు వణికాయేమో అనుకుంటారు. వణకలేదు. ఇన్నేళ్లూ కలుపు తీసిన చేతులు, పత్తి ఏరిన చేతులు, బియ్యం పోయడానికి ఎందుకు వణుకుతాయి?

మా బావకు కోపం వచ్చిందంటే గొంతు పెరగదు, తగ్గుతుంది. మెల్లగా అన్నాడు. "ముండమోసిన చేతి ఒడిబియ్యం కట్టుకొని పోతె పిల్ల ఆడ నిలుస్తదా? వారం. వారం తిరగకముందే గీ గడపల ఉంటది సూడు. జమ్మికుంటల బట్టల దుకాణపాయనకు చెప్పే ఉంచిన. వాపస్ వచ్చినంక ఆ దుకాణంలనే పనికి పెడుత."

"వారం దాటితే?"

"దాటినప్పుడు మాట్లాడుదాం."

మా బావ చెడ్డవాడేం కాదు. నా చేనుకు మనుషులు దొరకనప్పుడు తన ట్రాక్టరు తోలాడు. కానీ తాను చెప్పిందే జరగాలని ఆయనకొక రోగం. ఆ మాటతో ఆ వారం నా మెడకు చుట్టుకుంది. పిల్ల తిరిగొస్తే ఆమె చదువు పోతుంది. పోవడమే కాదు, నా చెయ్యి పడి పోయిందంటారు. ఆ తర్వాత ఆ ఇంట్లో నా చేత్తో చెట్టుకు నీళ్లు కూడా పోయనియ్యరు.

హుజూరాబాద్ మీదుగా బస్సులో పోయాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ పైసలు లేవు కదా, అందుకని నేను కూడా పోయి దింపి వస్తానన్నాను. ఒడిబియ్యం మూట పిల్ల ఒళ్లోనే పెట్టించాను. దారంతా ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఏందే, మాట్లాడవు అంటే ఏం లేదన్నది.

యూనివర్సిటీ పిల్లలుండే ఆడపిల్లల హాస్టల్ ఒక అద్దె బిల్డింగ్. ఎవరో ఓనరు, ఆయన పెట్టిన వార్డెన్ మేడం. పిల్ల గది కిటికీలోంచి చూస్తే గ్రానైట్ రాళ్లు కోసే మిల్లు, కిటికీ ఊచల మీద తెల్లటి రాతి పొడి. గదిలో ఇనుప మంచాలు. ఒక మంచం మీద ఒక పిల్ల అప్పటికే కూర్చుని ఉంది. జైనూర్ అవతల గుట్టల్లో పల్లె అట. బస్సులు మారి మారి వచ్చిందట. చెప్పులు కూడా విప్పకుండా, ఎవరైనా లేచి పొమ్మంటే పోవడానికన్నట్టు కూర్చుంది. నేను చెప్పులిడువు బిడ్డా, గిది నీ మంచమే అంటే నవ్వింది.

మా పిల్లకు చెప్పాను. "వారం తిరగకముందే గీ బియ్యం వండిపిచ్చి పదిమందికి పెట్టు. ఒడిబియ్యం మూట కట్టి దాసుకునేటియి కావు. పురుగు పట్టొద్దు."

"ఈడ ఎవలు వండుతరవ్వా?"

"అడుగు. నోరుంది గద."

అంతే. మేడం పైకి ఎక్కువసేపు ఉండనివ్వలేదు. దిగి వచ్చేశాను.

నేను కలుపు కూలికి పోయే చేలో ఫోన్ కొంగుకు కట్టుకుని ఉండేదాన్ని. మొదట మొదట బాగానే చేసింది. బాత్రూం ముందు లైన్ కట్టాలట. అన్నం మెత్తగా ముద్ద అవుతుందట. క్లాసులో సారు ఇంగ్లీషులో ఏదో అడిగితే లేచి నిలబడి పేరు చెప్పబోయి ఊరి పేరు చెప్పిందట, అందరూ నవ్వారట.

"నవ్వనీ. ఊరి పేరు తెలిసింది గద వాళ్లకు. ఇప్పుడు నీ పేరు సుత చెప్పు" అన్నాను.

"నీకు అన్నీ అల్కగనే ఉంటయి" అన్నది.

తర్వాత తర్వాత ఫోన్‌లో ఊ అనడమే మిగిలింది. తిన్నావా అంటే ఊ. పడుకున్నావా అంటే ఊ. బియ్యం వండించావా అంటే ఫోన్ పెట్టేసేది.

ఇక్కడ మా బావ పొద్దుగూకే బస్సు వచ్చే వేళకు సరిగ్గా చాయ్ హోటల్ బల్ల మీద ఉండేవాడు. నేను చేను నుంచి ఆ దారినే రావాలి.

"బస్సు వచ్చింది గద. మీ పిల్ల దిగలేదా ఇంక?" అనేవాడు, పక్కన నలుగురు నవ్వేట్టు.

"దిగలే, బావా. రేపు సుత వచ్చి కూసో. ఉత్తగ కూసోకు, నాకొక చాయ్ చెప్పి కూసో" అనేదాన్ని. నవ్వే నలుగురు ఇటు కూడా నవ్వేవారు. నవ్వే నోళ్లకు ఎటైనా ఒకటే.

ఇంటికి వచ్చాక మాత్రం తలుపు దగ్గరే కూర్చునేదాన్ని. బస్సు హారన్ వినబడితే లేచేదాన్ని. అది ఎవరికీ చూపించలేదు.

ఇట్లా ఉండగా ఒకనాడు చేలోనే ఫోన్ వచ్చింది.

"అవ్వా, నన్ను తీస్కపో" అన్నది. ఏడవలేదు. ఏడిస్తే నాకు అంత భయం వేసేది కాదు.

"ఏమైందే?"

"ఏం కాలే. వస్త. బట్టల దుకాణమే మంచిగుంటది."

పెట్టేసింది. నేను మళ్లీ చేసేలోపే ఇంకో నంబరు నుంచి వచ్చింది. వార్డెన్ మేడం. "అమ్మా, మీరు ఒకసారి రావాలె. మీ అమ్మాయి గురించి అసలు సంగతి చెప్పకుండ చేర్పించిండ్రు."

"ఏం సంగతి?"

"వచ్చినంక మాట్లాడుదాం."

చేతిలోని కొడవలి పక్కన ఆడమనిషికి ఇచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా రోడ్డెక్కాను. మా బావ బల్ల దారిలో పోలేదు. అడ్డదారిన పోయాను. పిల్లను వెంట తెచ్చుకోవడానికే పోతున్నానేమో నాకే తెలియదు, ఆయనకు ఏం చెప్పాలి? బస్సులో కూర్చుంటే మనసు పోని చోటు లేదు. పిల్లకు రోగమా? ఎవడైనా ఏమైనా అన్నాడా? దొంగతనం అంటగట్టారా?

మేడం గదిలో ఫ్యాన్ కింద కూర్చోబెట్టారు. మేడం నాకంటే చిన్నది, మొహం మంచిదే.

"మీ అమ్మాయికి పెండ్లయింది. మీరు మాకు చెప్పలేదు" అన్నది.

నాకు నవ్వు ఆగలేదు. "ఎవనితోటి, మేడం? నాకు సుత చెప్పు. అల్లునికి కోడి కోస్త."

"నవ్వులాట కాదమ్మా. పిల్లలందరు చూసిండ్రు. ఒడిబియ్యం, కుడుకలు, రవిక గుడ్డ. పెండ్లి గాని పిల్లకు ఒడిబియ్యం ఎవలు పోస్తరు? నాకు సుత మా అమ్మోళ్లు పెండ్లయినంకనే పోసిండ్రు. చదువు మీద మనసుండి మొగుని కాడికెల్లి వచ్చిందేమో, పాపం, నేను కాదంటలేను. కాని రేపు ఆయన వచ్చి గేటు కాడ లొల్లి పెడితే ఓనర్‌కు నేను జవాబు చెప్పాలె గద."

అప్పుడు అర్థమైంది. మా జిల్లాల వాళ్లకు తప్ప ఇంకెవరికీ రాని అనుమానం ఇది. వేరే వైపు పిల్లలైతే పసుపు బియ్యం చూసి పూజకు తెచ్చుకుందనుకునేవాళ్లు. ఇక్కడి పిల్లలకు అన్నీ తెలుసు, అందుకే అంత దూరం పోయారు. పిల్ల కాలివేళ్లకు మెట్టెలున్నాయా అని చూశారట. లేవు కాబట్టి తీసి దాచిందన్నారట. ఒకతె ఆటకన్నట్టు మెడ దగ్గర చున్నీ లాగి పుస్తె కోసం చూసిందట.

"పోసింది నేను" అన్నాను.

మేడం తలెత్తి నా నొసలు చూసింది. చేతులు చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు.

"మీరా? అంటే... మీవారు..."

"సచ్చిపోయిండు."

"మరి మీరు ఎట్ల..."

"గిట్ల" అని రెండు చేతులూ దోసిలి పట్టి ఆమె టేబుల్ మీద చూపించాను.

మేడం కాసేపు పెన్ను మూత పెట్టింది, తీసింది. "మీ వైపు గట్ల చేస్తరా?" అని అడిగింది.

"ఎవలు చెయ్యరు. నేను చేసిన. నా బిడ్డకు లగ్గం కాలే. గిది నా నోటి మాట, చాలకపోతే మా ఊరికి రా, ఇల్లిల్లు తిప్పి అడిగిపిస్త. నువ్వు పిల్లను అడిగినవా, మేడం?"

"అడిగిన. ఏం మాట్లాడలే. ఎవలు పోసిండ్రు అంటే తల దించుకున్నది. అందుకే నిజమనుకున్న."

ఆ మాట నాకు గుచ్చుకుంది. పైకి పోయాను. ఈసారి మేడం ఆపలేదు.

మా పిల్ల మంచం మీద బ్యాగు సర్దుకుని కూర్చుంది. జైనూర్ పిల్ల పక్కన నిలబడి ఉంది. నన్ను చూసి బయటికి పోబోతే మా పిల్ల ఉండు అన్నది. అంటే నాతో ఒక్కతే ఉండడం ఆమెకు ఇష్టం లేదు.

"మా అవ్వ పోసిందని ఒక్క మాట చెప్తే అయిపోతుండె గద. నోట్ల ఏం పెట్టుకున్నవే?" అన్నాను.

"చెప్తే? మీ అవ్వ నొసట బొట్టు లేదు గద, ఆమె ఎట్ల పోస్తది అంటరు. అప్పుడేం చెప్పాలె? మొదటి వారంలనే మా బాపు సచ్చిపోయిండు, మా బాపు సచ్చిపోయిండు అని గది గదికి చెప్పుకుంట తిరుగాల్నా? ఇంట్ల సుత అదే, బడిల సుత అదే. ఈడనన్న ఎవలకు తెల్వకుండ ఉంటదనుకున్న."

ఆమె ఆగలేదు.

"నిన్నెవలు పొయ్యమన్నరు? నన్నడిగినవా? నా కోసం పోసినవా, పెద్దబాపు మీద పంతానికి పోసినవా?"

"రెండిటికి" అన్నాను.

"ఏంది?"

"రెండిటికి పోసిన. పంతానికి పోసిన, నీ కోసం పోసిన. బియ్యం ఒక దిక్కు, పసుపు ఒక దిక్కు ఏరి పెట్టుమంటె ఎట్ల ఏరుత? తప్పు చేసిన అంటనని చూస్తున్నవా? అనను. నువ్వు మళ్ల పోయే రోజొస్తె మళ్ల పోస్త."

పిల్ల మొహం తిప్పుకుంది. జైనూర్ పిల్ల నేల చూస్తోంది.

నేను ఆ బ్యాగు వైపు చూశాను. నా నోటి దాకా వచ్చిన మాట ఏమంటే, రాకు, మీ పెద్దబాపు నవ్వుతాడు. ఆ మాట మింగేశాను. ఆయన నవ్వుతాడని ఈమెను ఇక్కడ కట్టేస్తే, ఆయన నన్ను వెనక అర్రలో పెట్టినదానికీ నేను చేసినదానికీ తేడా ఏముంది?

"వస్తె రా" అన్నాను. "బస్సుంది. చదువు ఎక్కక వస్తున్న అంటె రా. బువ్వ సయిస్తలేదంటె రా. మీ పెద్దబాపును నేను చూసుకుంట, ఆయన ఫికర్ నీకొద్దు. కాని గీ పిల్లలు బియ్యం జూసి నవ్విండ్రని మాత్రం రాకు. గట్లొస్తె నేను బస్సుల నీ పక్కన కూసోను. ఎనుక సీట్ల కూసుంట."

పిల్లకు కోపంలోనే నవ్వు వచ్చింది. ఆపుకుంది.

అప్పుడు జైనూర్ పిల్ల నోరు తెరిచింది. "అవ్వా, మంచం కింద ఆ బియ్యముంటే నాకు రోజు ఆకలైతున్నది. ఈడి బువ్వ నేను తింటలేను. వండుతె తినేటందుకు మేమున్నం గద."

మెస్సులో వంట చేసే అక్క ఆ వేళకు గిన్నెలు తోముకుంటోంది. బియ్యం మూట చూసి చేతులు తుడుచుకుంది. "ఒడిబియ్యం ఇంటోళ్లే వండాలె. నేను ముట్టను, తల్లీ" అన్నది. స్టవ్ ఇస్తావా అంటే ఇచ్చింది. అన్నం వండే పెద్ద గంజు కూడా ఇచ్చింది. ఆ మూటలోని బియ్యం అందరికీ ఏం సరిపోతాయి? మెస్సు బియ్యం ఇంకొన్ని కలిపింది, అవి మాత్రం ముట్టింది. నేను కడిగి పొయ్యి మీద పెట్టాను. ఎంత కడిగినా పసుపు పోదు. బెల్లం వేసి, కుడుకలు తురిమి, తీపి అన్నం వండాను. మేడం ఒకసారి తొంగి చూసి, వాసన పీల్చి పోయింది.

వండడంతో అయిపోదు. ఒడిబియ్యం అన్నానికి ఇంటింటికీ పోయి ఆడవాళ్లకు బొట్టు పెట్టి పిలవాలి. వంట అక్క దేవుని పటం దగ్గరి కుంకుమ గిన్నెలో పోసి ఇచ్చింది. నేను గిన్నె తెచ్చి మా పిల్ల చేతిలో పెట్టాను.

"పో. గది గదికి పోయి పిలువు."

"వాళ్లనా? నా మెడ సూసినదాన్ని సుత?"

"దాన్ని ముందుగాల పిలువు."

పిల్ల గిన్నె వైపు చూసింది. తర్వాత నా వైపు చాపింది. "నువ్వు పెట్టు."

"నేనేందే..."

"పోసినప్పుడు చేతులుండె గద. ఇప్పుడేమైనయి? నీ చేతితోటి పోసినయి, నీ చేతితోటి వండినయి. బొట్టుకు మాత్రం నేను గావాల్నా? నువ్వు పెట్టు, నేను పక్కన ఉంట."

నిజం చెబుతున్నాను, మా బావ ముందు వణకని చెయ్యి అక్కడ వణికింది. నా బిడ్డ ఒడి వేరు, అది నాది. ఎవరో కన్న పిల్లల నొసళ్లు వేరు. నేను చెయ్యి చాపితే ఒక పిల్ల తల వెనక్కి తీసుకుంటే? నా బిడ్డ చూస్తుండగా తీసుకుంటే?

"భయమైతుందా, అవ్వా?" అన్నది. వెక్కిరించడానికి అడిగిందో, నిజంగానే అడిగిందో తెలియలేదు.

"భయమా? నాకా?" అని గిన్నె లాక్కున్నాను.

గది దాటకముందే జైనూర్ పిల్ల నా ముందుకు వచ్చి నొసలు పెట్టింది. "మొదలు నాకు పెట్టు. ఆడి దాక పోతె కుంకుమ అయిపోతది" అన్నది. వేలు గిన్నెలో ముంచాను. నా మొగుడు పోయినప్పటి నుంచి కుంకుమ తగలని వేలు అది. పెట్టాను. కొంచెం వంకర వచ్చింది.

పక్క గదిలో హుజూరాబాద్ బజారులో బట్టల వ్యాపారం చేసే సాయిబుల పిల్ల ఉంది. "ఆంటీ, మాకు బొట్టు ఉండదు. అన్నమైతె పెట్టుండ్రి, జర ఎక్కువనే పెట్టుండ్రి" అన్నది. అందరూ నవ్వారు. ఆమె మమ్మల్ని దాటి ముందుకు పోయి మిగతా తలుపులు తనే కొట్టింది.

ఆ తర్వాతి గదిలో ఉంది చున్నీ లాగిన పిల్ల. నన్ను చూసింది, నా నొసలు చూసింది, మా పిల్లను చూసింది. ఏది ఎట్లా జరిగిందో అప్పుడే తెలిసినట్టుంది, మొహం మాడిపోయింది. నేను చెయ్యి చాపాను. తల వెనక్కి తీసుకుంది.

"మా మమ్మీకి తెలిస్తే తిడుతది" అన్నది చిన్నగా.

నా చెయ్యి గాల్లోనే ఉంది. దించలేదు. ఆమె మీద కోపం కాదు, దించితే ఇక మళ్లీ ఎత్తలేనని.

మా పిల్ల ముందుకు వచ్చింది. నాకు అడ్డంగా కాదు, నా పక్కన నిలబడింది. "బొట్టు వద్దంటె వద్దు. మా అవ్వ పెడుతది, ఇష్టమున్నోళ్లకు పెడుతది. మా బాపు లేడు. మోటరు కాడ కరెంటు కొట్టి పోయిండు. ఒడిబియ్యం మా అవ్వనే పోసింది. ఇగ అడిగేదేమన్న ఉంటే నన్నడుగుండ్రి, మేడంను అడుగకుండ్రి. అన్నానికి కిందికి రా. సల్లారితె బాగుండది" అన్నది.

ఆ మాట వరండా అంతా వినబడింది. ఇంకో రెండు గదుల తలుపులు తెరుచుకున్నాయి. చెప్పుకోవడం ఇష్టం లేదన్న మాటను అంత గట్టిగా చెప్పి, మా పిల్ల తర్వాతి గది వైపు నడిచింది. నేనే వెనక పడ్డాను.

చాలామంది పెట్టించుకున్నారు. కొందరు పెట్టించుకోలేదు. కొందరు ఫోన్ చూసుకుంటూనే నొసలు పెట్టారు, వాళ్లకు అది పట్టనే లేదు. నాకు అన్నింటికంటే అదే నచ్చింది. అన్నం దగ్గరికి మాత్రం అందరూ వచ్చారు. చున్నీ లాగిన పిల్ల చివరికి ప్లేటు పట్టుకుని వచ్చి, మా పిల్లతో ఏదో అన్నది. సారీ అన్నదో, ఇంకొంచెం వెయ్యమన్నదో. మా పిల్ల వేసింది. మేడం కూడా తిన్నది. బెల్లం తక్కువైందన్నది. మరుసటిసారి నువ్వు వండు అన్నాను.

నేను బస్సుకు లేచాను. పైకి పోయి బ్యాగు ఏమైందో చూడలేదు. వస్తున్నావా, ఉంటున్నావా అని కూడా అడగలేదు. అడిగితే ఉండు అన్నట్టే ఉంటుంది నా గొంతు, నాకు తెలుసు. గేటు దాకా నడిచాను. వెనక చెప్పుల చప్పుడు వినబడింది. మా పిల్ల ఒట్టి చేతులతో వచ్చింది.

"అవ్వా, గిట్ల ఉరుకుతొచ్చుడు పెట్టుకోకు" అన్నది.

"నువ్వే గద తీస్కపొమ్మన్నవు."

"అంట. ఇంకోసారి సుత అంట. అన్నప్పుడల్ల రాకు."

"రాకుంటె నాకెట్ల తెలుస్తది, నువ్వేడుస్తున్నవో లేదో?"

"ఏడిస్తె ఏడుస్త. ఏడ్చి క్లాసుకు పోత."

అని, నా మాటకు ఆగకుండా లోపలికి పోయింది. నేను కూడా పిలవలేదు.